అతుకుల బాబాయి చిటికెన వేలు

ఒక మనిషిని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టుకుని, ఈ మనిషి లేడని ఒక యంత్రం చెప్పడం నేను కళ్లారా చూశాను. నెలలు గడిచినా ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. ఆ తర్వాత జరిగింది దానికన్నా ఘోరం. అందులో నా చెయ్యి కూడా ఉంది. కడుపులో దాచుకుందామంటే అరగడం లేదు, అందుకే చెబుతున్నాను.

ఆయన్ని మా మార్కెట్లో అందరూ అతుకుల బాబాయి అనేవారు. పాత మార్కెట్లో మేడమెట్ల కింద, తల వంచుకుంటే గాని కూర్చోలేని చోట ఆయన బల్ల ఉండేది. దాన్ని ఆనుకునే నా జిరాక్సు, ఫోను రీచార్జి కొట్టు. బల్ల ముందు ఒక అట్టముక్క మీద ‘చిరిగిన నోట్లు అతికి మార్చబడును’ అని రాసి ఉండేది. ఆ అట్ట కూడా రెండుసార్లు చిరిగితే ఆయనే అతుక్కున్నాడు. చిరిగిన నోటు బస్సులో తీసుకోరు, కొట్లో తీసుకోరు. బ్యాంకుకు పోయి వరసలో నిలబడే ఓపిక ఎవరికీ ఉండదు. అలాంటి నోటు బాబాయికిచ్చి, పదికి తొమ్మిది పుచ్చుకుని పోయేవారు. ఆయన వాటిని అతికి, వారానికోసారి బ్యాంకులో మార్చుకొచ్చేవాడు. ముప్పై ఆరేళ్లు అదే పని.

ఆ పని చూసి తీరాలి. ముందు భూతద్దం పెట్టి రెండు ముక్కల మీదా అంకెలు ఒకటేనా అని చూసేవాడు. చిరుగు అంచుల్ని గరుకు కాగితంతో పల్చబడేదాకా రుద్దేవాడు. మైదా జిగురు వేలికొసతో రాసి, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పల్చటి కాగితం పట్టీ వేసి, మళ్లీ వేలికొసలతోనే నిమిరి నిమిరి చదును చేసేవాడు. ఆరాక అతుకు ఎక్కడుందో కనిపెట్టడం నా వల్ల అయ్యేది కాదు. ఇంత పనిలోనూ ఎడమచేతి చిటికెన వేలు మాత్రం గాలిలో ఎత్తి పెట్టేవాడు. గరుకు కాగితం గాని జిగురు గాని దాని దరిదాపులకు పోనిచ్చేవాడు కాదు.

“ఆ వేలికి జీతం ఇవ్వట్లేదా బాబాయ్, పని చెయ్యనంటోంది” అనేదాన్ని.

“చెవి గోక్కోడానికి ఒక్క ఉద్యోగైనా శుభ్రంగా ఉండొద్దా అమ్మాయ్” అనేవాడు, తల ఎత్తకుండానే. ఎత్తితే మెట్టు తగులుతుంది మరి.

తర్వాత ఫోన్లో డబ్బు కట్టడాలు వచ్చాయి. ప్రతి కొట్టు ముందూ నలుపు తెలుపు గళ్ల కాగితం వెలిసింది. వాటిలో సగం నేను అచ్చు తీసి ఇచ్చినవే. పళ్లబండి ఆవిడ దగ్గర్నుంచి తాళాలు చేసే ఆయనదాకా అందరూ గళ్ల కాగితం చూపించడం మొదలెట్టారు. నోటు చేతులు మారితే కదా చిరిగేది. బాబాయికి ఒకప్పుడు రోజుకు యాభై నోట్లు వచ్చేవి, అవి పదయ్యాయి, ఆ తర్వాత మూడు రోజులకొకటి. నేను ఊరుకుంటానా, రోజూ ఏడిపించేదాన్ని.

“నా డబ్బు చిరగదు, తడవదు, ఎవరూ జేబు కొట్టలేరు. నీ డబ్బో?”

“చిరగని డబ్బు నాకెందుకు?” అనేవాడు. కాస్త కోపం వస్తే మాత్రం, “కంటికి కనపడనిది డబ్బెలా అవుతుందే? మబ్బులో నీళ్లు చూసుకుని ముంతలో నీళ్లు ఒలకబోసుకుంటున్నారు మీరంతా” అనేవాడు. నేను నవ్వేదాన్ని. అప్పట్లో ఆ సామెత ముసలివాళ్ల చాదస్తంలాగే వినిపించింది.

ఇలా ఉండగా పాత మార్కెట్ కూల్చేస్తామని, వీధికి అవతల కొత్తది కట్టారు. పాతవాళ్లకే ముందు అవకాశం. ఒక్కో కొట్టుకు లక్షా ఎనభై వేలు ధరావతు కట్టాలి. నెలాఖరు సాయంత్రం అయిదులోగా కట్టకపోతే కొట్టు చీటీలు తీసి బయటివాళ్లకిస్తారు. బాబాయి వెళ్లి ఇరవై ఏడో నంబరు కొట్టు చూసొచ్చాడు. లోపల నిటారుగా నిలబడి, చెయ్యి పైకెత్తి చూశాడట. కప్పు అందలేదట. ఆ సంగతి నాతో నాలుగుసార్లు చెప్పాడు.

“ఈ వయసులో కొట్టెందుకు బాబాయ్? రోజుకో నోటు కూడా రావట్లేదుగా” అన్నాను.

“ముప్పై ఆరేళ్లు తల వంచుకుని కూర్చున్నాను. పోయేలోపు తలెత్తుకుని కూర్చోవాలనుందమ్మా. నోట్లు ఎక్కడికి పోతాయి? జనం ఉన్నన్నాళ్లూ ఉంటాయి.”

ఆయనకి కావలసింది అదొక్కటే.

డబ్బు కట్టడానికి మార్కెట్ ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. గుమస్తా మమ్మల్ని ఎగాదిగా చూసి, “నగదు తీసుకోం పెద్దాయనా. కొట్టు ఎవరి పేరునుంటే వాళ్ల ఖాతాలోంచే రావాలి. దరఖాస్తు కూడా ఫోన్లోనే” అన్నాడు.

“ఖాతా లేదు బాబూ” అన్నాడు బాబాయి.

నేను తెల్లబోయాను. ముప్పై ఆరేళ్లుగా వారం తప్పకుండా బ్యాంకు గుమ్మం తొక్కిన మనిషికి బ్యాంకులో ఖాతా లేదు. అక్కడి వాచ్‌మన్ కూతుళ్ల పేర్లు కూడా తెలుసు ఆయనకి. ఇదేం విడ్డూరం బాబాయ్ అంటే, “నేను పని మీద వెళ్లేవాణ్ని, దాచుకోడానిక్కాదు. నాది నా ఇంట్లో ఉంది” అన్నాడు ధీమాగా.

ఆ పూటే నా కొట్లో కూర్చుని నా ఫోన్లో ఆయన దరఖాస్తు నింపాను. పేరు, వయసు, కొట్టు నంబరు. వ్యాపారం ఏమిటన్న చోట ఒక జాబితా వచ్చింది. అందులో నోట్లు అతకడం లేదు. ‘ఇతరములు’ అని పెట్టాను. ఆ తర్వాత షరతులు వచ్చాయి, చీమతలకాయంత అక్షరాల్లో. కొట్టు ముందు నలుగురు నిలబడి ఉన్నారు, ఒకావిడ తన కాగితాలు ముందు తియ్యమని గొణుగుతోంది.

“ఏం రాశారమ్మాయ్?” అని అడిగాడు బాబాయి.

“ఏముంటుంది, చెత్త బయట వెయ్యకూడదు, గోడలకి మేకులు కొట్టకూడదు, అవే” అన్నాను. అని, కింద నొక్కాల్సింది నొక్కాను.

మర్నాడు మధ్యాహ్నం బ్యాంకులో ఖాతా తెరిచి డబ్బు వెయ్యడానికి తోడు రమ్మంటే ఆయన ఇంటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో పిన్ని నేల మీద కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని పల్చటి కాగితాన్ని పట్టీలుగా కోస్తోంది. పెళ్లయిన నాటినుంచీ బాబాయికి పట్టీలు కోసేది ఆవిడే. లోపలి గదిలో మంచం కింద రేకుపెట్టె ఉంది. బాబాయి మంచాన్ని తనే పక్కకి లాగి, పెట్టెకి ఎదురుగా నన్ను కూర్చోమన్నాడు. ఇన్నేళ్లు ఏడిపించినందుకు బదులు తీర్చుకోబోతున్నాడని ఆయన మొహం చూస్తేనే తెలిసింది.

“చూడు. డబ్బంటే ఇదీ” అని మూత తీశాడు.

పైన పాత దుప్పటి, దాని కింద కట్టలు. చూడ్డానికి బానే ఉన్నాయి. ఒక కట్ట ఎత్తాడు. పై సగం చేతిలోకి వచ్చింది, కింది సగం పెట్టెలోనే ఉండిపోయింది. మధ్యలోంచి మట్టి రాలింది. ఇంకో కట్ట పట్టుకున్నాడు. అది పట్టుకోగానే ముక్కలై జారిపోయింది. పెట్టె అడుగు తుప్పు పట్టి అరచేతంత కన్నం పడింది. ఆ కన్నంలోంచి చెదలు మట్టిదారులు కట్టుకుంటూ పైదాకా వచ్చాయి.

పిన్ని వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏడవలేదు. చేతిలో కత్తెర అలాగే తెరుచుకుని ఉంది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు అన్న సామెత నా మనసులో మెదిలింది, నా మీద నాకే అసహ్యం వేసింది.

బాబాయి ఒక ముక్క తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. ఇంకోటి చూశాడు. చాలాసేపటికి, “అతుకులే తిన్నాయమ్మా ముందు” అన్నాడు.

అప్పుడు గాని అసలు సంగతి బయటపడలేదు. ఆయన దాచుకున్నవన్నీ తను అతికిన వందరూపాయల నోట్లే. బ్యాంకులో మార్చుకుంటే కొత్త నోట్లు ఇస్తారు కదా, అవి దాచుకోవాలి. ఆయన కొత్తవాటిని ఖర్చుపెట్టి, అతికినవాటిని పెట్టెలో పెట్టాడు.

“ఎందుకు బాబాయ్?” అన్నాను.

“కొత్త నోటు దొంగదో మంచిదో ఎవడికి తెలుసు? చిరిగిన నోటుకి దొంగనోటు ఎవడూ చెయ్యడు. పైగా ఇవి నా చేత్తో చూసుకున్నవి.”

“మరి జిగురులో మైలుతుత్తం కలపొద్దా? పుస్తకాలు కుట్టేవాళ్లు పురుగు పట్టకుండా కలుపుతారుగా.”

“కలిపితే నోటుకి నీలం మరక పడుతుంది. మరక పడితే బ్యాంకు తీసుకోదు.”

అంతే. మైదా ఎంత రుచిగా ఉంటుందో చెదలకి ఆయన ముప్పై ఆరేళ్లు పెట్టి చూపించాడు. అతుకులు ఊడిపోయి, ఏ నోటు ఆయన దగ్గరకి ఎలా వచ్చిందో అలాగే రెండు ముక్కలుగా, మూడు ముక్కలుగా పడి ఉంది. చేసిన పనంతా ఒక్కసారి విప్పేసి ఆయన ముందు కుప్ప పోసినట్టుంది.

బాబాయి దుప్పటి నేల మీద పరిచాడు. పెట్టె బోర్లించాడు. భూతద్దం తీసుకున్నాడు. “జిగురు కాయించవే” అన్నాడు పిన్నితో. “నెలాఖరుకి తొమ్మిది రోజులుంది.”

ఆ తొమ్మిది రోజులూ మార్కెట్ మార్కెట్టంతా ఆ ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం బేరాల్లేని వేళ పళ్లబండి ఆవిడ వచ్చి అంకెలు పైకి చదివేది. తాళాలాయన వాటికి జత వెతికేవాడు. వాళ్ల జేబుల్లో ఒక్క నోటు లేదు, ఫోన్లు మాత్రం ఉన్నాయి. మొత్తం రెండు లక్షల ఇరవై వేలు ఉండాలి. మట్టైపోయింది పోగా, బ్యాంకు ఒప్పుకునే స్థితిలో తేలింది లక్షా ఎనభై మూడు వేలు. బాబాయి వేలికొసలు ఎర్రబారి, చివరి రోజుకి నెత్తురు చిమ్మేలా ఉన్నాయి. చిటికెన వేలు మాత్రం పైకే ఉంది.

నెలాఖరు మధ్యాహ్నం బ్యాంకుకు వెళ్లాం. కౌంటర్లో కొత్తగా వచ్చిన అమ్మాయి. మంచి పిల్లే. నోట్లు ఒక్కొక్కటీ చూసి, “ఇంత చక్కగా ఎవరు అతికారండీ” అంది. ఇంత మొత్తం చేతికివ్వకూడదు, ఖాతాలోనే వెయ్యాలి, ఖాతా ఇప్పుడే తెరుస్తాను అని గుర్తింపు కార్డు అడిగింది. చిన్న నల్ల పెట్టె ముందుకు జరిపి, బొటనవేలు పెట్టమంది.

ఎర్ర దీపం వెలిగింది.

వేలు తుడిచి మళ్లీ పెట్టాడు. ఎర్ర దీపమే. చూపుడు వేలు పెట్టించింది, మధ్య వేలు పెట్టించింది, చెయ్యి మార్పించింది. ప్రతిసారీ తెరమీద ఒకటే మాట, ‘ఈ వ్యక్తిని గుర్తించలేకపోయాము’. ఆ అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని తన వైపు తిప్పుకుని చూసింది. చూసి నా వైపు తిరిగింది.

“తాతగారి వేళ్లమీద గీతల్లేవండీ” అంది.

నేనూ చూశాను. నిజంగానే లేవు. నున్నగా, అద్దంలా ఉన్నాయి. ముప్పై ఆరేళ్ల గరుకు కాగితం, నిమరడం. నోట్లను చెదలు తింటే, ఆయన వేళ్లను నోట్లు తినేశాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

“నేను లేనా అమ్మా?” అని అడిగాడు బాబాయి ఆ పిల్లని. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. ఆ పిల్ల తల దించుకుని నల్ల పెట్టెను ఇంకోసారి తుడిచింది. గోడ గడియారంలో నాలుగుంబావు.

నాకు ఒళ్లు మండింది. “ఇరవయ్యేళ్లుగా రోజూ పక్కనే చూస్తున్నాను, ఉన్నాడో లేడో నేను చెబుతాను, నా మాట రాసుకోండి” అని అరిచాను. మేనేజరు గదిలోంచి తొంగి చూశాడు. మనుషుల సాక్ష్యం ఆ పెట్టెలో పట్టదట. బాబాయి నన్ను వారించి, నోట్లు సంచిలో సర్దుకోవడం మొదలెట్టాడు. ఒక్కో కట్టా సర్దుతున్నాడు, అలవాటు చొప్పున ఎడమచేతి చిటికెన వేలు పైకి లేచి ఉంది.

“బాబాయ్, ఆ వేలు” అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నేనే ఆ వేలు పట్టుకుని తీసుకెళ్లి నల్ల పెట్టె మీద పెట్టాను. ఒక్క క్షణం ఏ దీపమూ వెలగలేదు. తర్వాత పచ్చ దీపం వెలిగింది. తెరమీద బాబాయి పేరు, ఫోటో, పుట్టిన ఏడు వరసగా వచ్చాయి. ముప్పై ఆరేళ్లు పని చెయ్యని వేలు ఆ పూట మిగతా తొమ్మిదింటి పనీ చేసింది. నాలుగూ యాభైకి డబ్బు మార్కెట్ ఆఫీసుకు చేరింది. ఇంటికొచ్చాక పిన్ని ఆ చిటికెన వేలిని కొంగుతో తుడిచి, అప్పుడు ఏడ్చింది.

ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది.

కొత్త మార్కెట్ తెరిచిన రోజు పొద్దున్నే వెళ్లాం. బాబాయి కొత్త బోర్డు రాయించాడు, రేకు మీద ఎర్ర అక్షరాలతో. ఇరవై ఏడో నంబరు కొట్లో ఎత్తుగా, అందరికీ కనిపించేలా తగిలించాడు. దాని కింద కుర్చీ వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. ఆ మనిషి అంత పొడుగని నాకు ఇరవయ్యేళ్లలో తెలియదు. ఒకసారి పైకి చూశాడు, ఇంకోసారి చూశాడు. మెట్టేదీ తగల్లేదు.

పది గంటలకి సూపర్‌వైజరు వచ్చాడు. బోర్డు చదివి, “ఇది తీసెయ్యాలండీ” అన్నాడు.

“ఏం, గోడకి మేకు కొట్టలేదు, తాడుతో కట్టాం” అన్నాను నేను.

“మేకు సంగతి కాదమ్మా. గేటు దగ్గర చూడలేదా? ఇది నగదు లేని మార్కెట్. లోపల నోట్లు, నాణేలు ఇచ్చిపుచ్చుకోకూడదు. పద్నాలుగో షరతు.”

ఆయనతో తగువేసుకున్నాను. నోట్ల పనివాడికి నోట్లు లేని చోట కొట్టు ఎలా అంటగట్టారు, డబ్బు పుచ్చుకునేటప్పుడు కళ్లు లేవా అని నిలదీశాను. ఆయన తొణకలేదు. చేతిలో ఉన్న ఫోను నా వైపు తిప్పాడు. బాబాయి దరఖాస్తు. వ్యాపారం, ఇతరములు. దాని కింద, ‘షరతులన్నీ చదివాను, అంగీకరిస్తున్నాను’. పక్కన టిక్కు గుర్తు, తేదీ, పదకొండు గంటల నలభై రెండు నిమిషాలు.

“అయితే ధరావతు తిరిగిచ్చెయ్యండి.”

“మూడేళ్లదాకా ఇవ్వం. పంతొమ్మిదో షరతు.”

ఆయన వెళ్లిపోయాక అక్కడే నిలబడి నా ఫోన్లో ఆ షరతులు మొదటిసారి చదివాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చెత్త బయట వెయ్యకూడదని ఉంది. మేకులు కొట్టకూడదని ఉంది. పద్నాలుగోదీ ఉంది, పెద్ద మాటలేం కాదు, ఒకటిన్నర వరస. నాలుగు క్షణాలు పట్టేది చదవడానికి. ఆయన అడిగాడు కూడా, ఏం రాశారమ్మాయ్ అని. ఆయన్ని ముంచింది చెదలూ కాదు, యంత్రమూ కాదు. నేను. సిగ్గుతో నిలువునా చచ్చిపోయాను.

లోపలికి వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన అంతా విన్నాడని తెలుస్తూనే ఉంది. అయినా వెన్ను వంచలేదు.

“అది నొక్కింది నేనే బాబాయ్. చదవలేదు. చదివినట్టు నీతో అబద్ధం చెప్పాను.”

ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. తర్వాత, “ఏ వేలితో నొక్కావు?” అన్నాడు.

కుడి బొటనవేలు చూపించాను. ఆయన నా చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. జేబులోంచి భూతద్దం తీసి, నోటు చూసినంతసేపు ఆ వేలిని చూశాడు.

“గీతలు బాగున్నాయి” అన్నాడు. “ఇంకా చాలా ఏళ్లొస్తుంది. కాస్త చూసి వాడుకో అమ్మాయ్.”

భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. లేచి బోర్డు దించబోయాడు. చెయ్యి అందలేదు. స్టూలు ఏమైనా ఉందా అని అడిగాడు. పక్కనే నా కొత్త కొట్లోంచి తెచ్చి, ఆయన ఎక్కి ముడి విప్పేదాకా కదలకుండా పట్టుకున్నాను.